కాక్ దిగే వేగం

హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి సందుల్లో రేకుల షెడ్డు వేసిన ఇండోర్ బ్యాడ్మింటన్ కోర్టులు పొద్దున ఆరింటికే నిండిపోతాయి. తొమ్మిదింటికి లాగిన్ అవ్వాల్సిన ఉద్యోగులే ఎక్కువ. చాలామంది గల్లీ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. అలాంటి కొత్తవాళ్లకి ఎత్తుగా ఒక టాస్ వేసి చూడండి. కాక్ (షటిల్) ఇంకా పైనే ఉంటుంది, ఇక్కడ రాకెట్ ఊపడం అయిపోతుంది.

వాళ్ల చూపులో లోపమేమీ లేదు. వస్తువు ఎంత వేగంగా వస్తోందో కన్ను పట్టుకుంటుంది గానీ, ఆ వేగం ఎంతెంత పెరుగుతోందో దానికి సరిగ్గా అందదు. ఆ లోటును మెదడు తనకు అలవాటైన గురుత్వాకర్షణతో పూడ్చుకుంటుంది. పైనుంచి పడేది వేగం పుంజుకుంటూనే వస్తుందని దాని నమ్మకం. 1998లో నాసా న్యూరోల్యాబ్ యాత్రలో వ్యోమగాములకు పైకప్పు వైపు నుంచి బంతిని కిందికి తోసి పట్టుకోమన్నారు. భారరహిత స్థితిలో అది ఒకే వేగంతో వచ్చింది. చేతులు మాత్రం ముందే కదిలాయి! మెకింటైర్ బృందం 2001లో దీన్ని ‘నేచర్ న్యూరోసైన్స్’లో ప్రచురించింది. మన కోర్టుల్లో రోజూ జరిగేదీ దాదాపు ఇదేనని నాకనిపిస్తుంది.

కాక్ మాత్రం అలా వేగం పుంజుకుంటూ పడదు. దానికి 16 ఈకలు, సుమారు 5 గ్రాముల బరువు. దిగేటప్పుడు గాలి కాక్‌ను ఎంత గట్టిగా ఆపుతుందంటే, ఎంత ఎత్తు నుంచి పడినా సెకనుకు 7 మీటర్ల దగ్గరే దాని వేగం నిలిచిపోతుంది. బంతిలా వంపు తిరిగి రాదు, చివర్లో దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాడు. ఆ వేగం రాకెట్ వదిలిన క్షణానిది, ఆ తర్వాత చూస్తుండగానే తగ్గిపోతుంది.

గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ 2008లో వచ్చింది గచ్చిబౌలికే. ఈ చుట్టుపక్కల పిల్లల బ్యాచ్‌లు చూడటం నాకెంతో ఇష్టం. పదేళ్ల పాప వెనక్కి జరిగి, ఎడమచెయ్యి కాక్ వైపు చాచి, కుడి మోచెయ్యి వెనక్కి లాగి నిలబడుతుంది. “ఆగమ్మా... ఆగు... ఇప్పుడు!” అంటాడు కోచ్. ఆ ఆగడమే అసలు విద్య. బుట్టెడు కాక్‌లు ఒకదాని వెనక ఒకటి వేస్తూ నేర్పేది అదే.

ఎండాకాలంలో మళ్లీ లెక్క మారుతుంది. వేడికి గాలి పలచబడి కాక్ దూరం పోతుంది, కాస్త తొందరగానూ దిగుతుంది. అప్పుడు తక్కువ వేగం నంబరున్న కాక్‌ల డబ్బా తెరుస్తారు. అయినా మొదటి నాలుగు టాస్‌లు సీనియర్లు కూడా ఊరికే చూసుకుంటూ ఆడతారు.