చెప్పిన మాట, నడిచిన తీరు

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్' అని కొడితే ఒక్కో పోర్టుకు ఒక్కో పొడుగాటి చిట్టా వస్తుంది. అందులో పై వరుసల్లోనే 'అడ్మినిస్ట్రేటివ్ మోడ్' అని ఒకటి, దాని కిందే 'ఆపరేషనల్ మోడ్' అని ఇంకొకటి ఉంటాయి. మొదటిది ఆ పోర్టుకు మనం ఏం చెప్పామో చూపిస్తుంది. రెండోది ఈ క్షణాన అది ఏం చేస్తోందో చూపిస్తుంది. ఈ రెంటినీ కలిపి ఒకే వరుసలో సరిపెట్టేయడం తేలికే, చాలా పరికరాలు ఆ పనే చేస్తాయి. ఇక్కడ మాత్రం విడదీశారు. నాకు ముచ్చటేసే పనితనం అదే.

పోర్టు యాక్సెస్‌గా ఉంటే దాని మీద ఒకే వీలాన్, అంటే స్విచ్‌లో విడదీసిన ఒకే ఉప నెట్‌వర్క్, నడుస్తుంది. ట్రంక్ అయితే ఎన్నో వీలాన్ల రద్దీ ఒకే తీగ మీద వెళుతుంది. అవి కలిసిపోకుండా, ట్యాగు లేకుండా వెళ్లేందుకు కేటాయించిన నేటివ్ వీలాన్‌వి తప్ప, ప్రతి ఫ్రేముకూ 4 బైట్ల ట్యాగు తగిలిస్తారు. ఏ పోర్టు ఏమవ్వాలో మనమే ఖాయం చేయవచ్చు, లేదా అవతలి స్విచ్‌తో మాట్లాడి తేల్చుకోమని డీటీపీ అనే ప్రోటోకాల్‌కు వదిలేయవచ్చు. వదిలేస్తేనే తమాషా. 'డైనమిక్ డిజైరబుల్' పోర్టు తనే ముందుకొచ్చి ట్రంక్ అవుదామా అని అడుగుతుంది. 'డైనమిక్ ఆటో' పోర్టు అడిగితే ఒప్పుకుంటుంది గానీ తనంతట తాను అడగదు. రెండు వైపులా ఆటోనే ఉంటే, వాళ్లు కబురు పెడితే చూద్దామని ఇద్దరు పెళ్లివారూ గుమ్మంలోనే కూర్చున్నట్టు ఉంటుంది. సంబంధం కుదరదు, రెండూ యాక్సెస్‌గానే ఉండిపోతాయి.

ఈ పాఠం నాకు ఒక ఆఫీసులో పాత స్విచ్‌లు మారుస్తున్నప్పుడు అబ్బింది. 3550 రకం స్విచ్‌లు రెండు తీసేసి 2960లు పెట్టాను. పాత కాన్ఫిగరేషన్‌ను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. పోర్టు దీపాలు పచ్చగా వెలిగాయి, 1వ వీలాన్‌లో ఉన్నవన్నీ పలికాయి, మిగతా వీలాన్లు మాత్రం మూగబోయాయి. ఆ రెండు స్విచ్‌లనూ కలిపే పోర్టుల మీద నేను రాసిన మోడ్ అంటూ ఏదీ లేదు. 3550 పుట్టుకతోనే డిజైరబుల్, 2960 పుట్టుకతోనే ఆటో. డీఫాల్టుగా వచ్చే గుణాన్ని కాన్ఫిగరేషన్ ఫైలు రాయదు గనుక అందులో ఎంత వెతికినా తేడా దొరకలేదు. స్విచ్‌పోర్ట్ చిట్టా మాత్రం నేను చెప్పని మాటను కూడా చెప్పింది: అడ్మినిస్ట్రేటివ్ మోడ్, డైనమిక్ ఆటో. ఆపరేషనల్ మోడ్, స్టాటిక్ యాక్సెస్. ఆ రెండు వరుసలు చదవడానికి ఎంతసేపు? ముందే చూడకపోవడం నా తప్పు.

ఈ విభజన సిస్కో సొంత సొత్తేమీ కాదు. నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి గమనించడానికి 1991లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1213 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ 'అడ్మిన్ స్టేటస్', 'ఆపర్ స్టేటస్' అని రెండు గడులు ఉన్నాయి. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 నాటికి వాటి లెక్క చూడండి. మనం కోరుకోగలిగిన స్థితులు మూడే: అప్, డౌన్, టెస్టింగ్. జరగగలిగినవి ఏడు. కింది పొర పడిపోవడం, భాగమే ఊడిపోయి ఉండటం, నిద్రాణంగా ఉండటం, ఏమైందో తెలియకపోవడం కూడా ఆ లెక్కలోకి వచ్చాయి.

'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్'లో ఈ పనితనం ఇంకా సన్నగా కనిపిస్తుంది. వేగం గడిలో 'ఆటో' అని ఉంటే ఇంకా ఏమీ తేలలేదని అర్థం. '100' అని ఉంటే అది మనం బిగించిన అంకె. 'ఏ-100' అని ఉంటే రెండు కొసలూ మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. అంత తేడానూ ఆ ఒక్క చిన్న 'ఏ' అక్షరం మోస్తుంది.

వంక పెట్టాలంటే ఒకటుంది. యాక్సెస్ పోర్టుకు 'ఆపరేషనల్ ట్రంకింగ్ ఎన్‌క్యాప్సులేషన్' దగ్గర 'నేటివ్' అని రాస్తారు. ట్యాగు లేదని చెప్పడం వాళ్ల ఉద్దేశం, నేటివ్ వీలాన్ గురించేమో అనుకుని కొత్తవాళ్లు తికమకపడతారు.

మనుషులు కూర్చునే చోటి పోర్టులను డీటీపీకి వదిలేయకండి. ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి ట్రంక్ అడిగితే ఆటో పోర్టు సరేనంటుంది. 'స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్' అని రాసి, కింద 'నోనెగోషియేట్' కూడా చేర్చండి. ఆ తర్వాత కేబుల్ పీకి ఒకసారి చిట్టా చూడండి. ఆపరేషనల్ మోడ్ 'డౌన్' అవుతుంది. దాని పై వరుస చెక్కుచెదరదు.