కొస గిల్లితేనే కాపు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో తెలుగువాళ్ల పెరట్లు ఎండాకాలంలో చూడాలి. గోంగూర, బచ్చలి, పందిరి మీద ఆనపకాయ, కంచెకు పాకిన దొండ. చలి ముదిరేసరికి వీటిలో ఒక్కటీ పచ్చగా మిగలదు. కరివేపాకు కుండీనైతే గరాజ్‌లోకి మోసుకెళ్లి, లైటు పెట్టి, మార్చి దాకా పసిపాపను సాకినట్టు సాకాలి. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయినప్పుడు బయట ఉన్న నిమ్మ, నారింజ చెట్లు కూడా మాడిపోయాయి. ఏడాది పొడవునా ఆరుబయటే ఉండి, మంచు పడ్డా వసంతంలో మళ్లీ చిగురు వేసే తిండి మొక్క కావాలనుకునేవాళ్లకు గోజీ మంచి తోడు. ఆకు రాల్చి నిద్రపోతున్న గోజీ మొక్క మైనస్ 25 డిగ్రీల చలినైనా ఓర్చుకుంటుంది.

అక్కడి నేల కూడా దీనికి సరిపడుతుంది. డాలస్ కిందున్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే నల్ల బంకమట్టి. మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. సున్నం ఎక్కువ కాబట్టి క్షారగుణం ఉంటుంది. పిల్లలు అడిగారని బ్లూబెర్రీ తెచ్చి నాటితే ఆ నేలలో ఆకులు పసుపుబారి చచ్చిపోతుంది. దానికి ఆమ్ల నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. గోజీకి 7, 8 ఉన్నా ఇబ్బంది లేదు. అది ఓర్చుకోలేనిది ఒక్కటే, వేళ్ల దగ్గర నీరు నిలవడం. బంకమట్టిలో అడుగు ఎత్తున మడి కట్టి, ఇసుకా ఆకుఎరువూ కలిపి నాటితే ఆ బెడదా తీరుతుంది.

దుకాణంలో ఎర్రటి ఎండు పండ్ల ప్యాకెట్ చూసినవాళ్లకు ఇదేదో దేవలోకపు మొక్కలా అనిపిస్తుంది. నిజానికి ఇది వంగ కుటుంబం. వంకాయ, టమాటా, మిరప, బంగాళదుంప, మన గట్ల మీద మొలిచే కామంచి, అన్నిటికీ బంధువే. పూవు చూడగానే ఆ పోలిక తెలిసిపోతుంది. గోరంత పూవు, ఐదు ఊదా రేకులు, మధ్యలోంచి బయటికి చొచ్చుకొచ్చిన కేసరాలు. పాతబడేకొద్దీ ఊదా వెలిసి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. అందుకే ఒకే కొమ్మ మీద నిన్నటి పూవునూ ఇవాళ్టి పూవునూ వేరుగా గుర్తుపట్టవచ్చు. పూవు రాలాక చిన్న పచ్చ పిందె, తర్వాత నారింజ రంగు, ఆ తర్వాత పండు మిరపకాయ ఎరుపు. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు.

పండు కోసం పెంచేది లైసియమ్ బార్బరమ్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. వాయవ్య చైనాలో నింగ్‌షియా దాని రాజధాని, అందులోనూ జోంగ్‌నింగ్ జిల్లా. వాన తక్కువ, పసుపు నది కాలువల నీరు, మండే పగళ్లు, చల్లటి రాత్రులు, గడ్డకట్టే చలికాలం. అక్కడి రైతులు వేసవి మొదటి నుంచి శరత్తు దాకా వారం వారం అదే మొక్క దగ్గరికి వచ్చి చేత్తో కోస్తారు. ఒక్కసారిగా కాసి ఊరుకునే చెట్టు కాదిది. ఒక పక్క పండుతుంటే ఇంకో పక్క పూస్తూనే ఉంటుంది. టెక్సస్‌లో నడి వేసవి ఎండ 38 డిగ్రీలు దాటే రోజుల్లో పిందె తగ్గుతుంది, ఆకు పలచబడుతుంది. మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటు చూసి నాటితే మేలు. ఎండ తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ కాపు అందుకుంటుంది.

గింజ నుంచి మొదలుపెట్టడం తేలిక. కాకపోతే ఓపిక కావాలి. ఎండు పండును రాత్రి నానబెట్టి పొద్దున చిదిమితే మిరప గింజల్ని ఇంకా చిన్నవి చేసినట్టున్న గింజలు డజన్ల కొద్దీ బయటపడతాయి. అర సెంటీమీటరు లోతున చల్లి, తడి ఆరకుండా, 20 నుంచి 25 డిగ్రీల వేడిలో ఉంచితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. దారప్పోగుల్లాంటి మొలకలు. నీళ్లు ఎక్కువైతే నారుకుళ్లు వచ్చి ఒక్కరోజులో పడిపోతాయి. ఇవి కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంతకంటే మంచి దారి కొమ్మ నాటడం. చలికాలం చివర, చిగుర్లు రాకముందు, పెన్సిల్ మందం కొమ్మను జానెడు కత్తిరించి ఇసుక మట్టిలో గుచ్చితే వేరు పోసుకుంటుంది. తల్లి మొక్క మంచిదని తెలిసి తెచ్చుకున్న కొమ్మ కాబట్టి పండు ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. అమెరికా నర్సరీల్లో ఫీనిక్స్ టియర్స్, క్రిమ్సన్ స్టార్ లాంటి రకాలు దొరుకుతాయి. వీటికి తమ పుప్పొడే చాలు కాబట్టి ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది.

నాటిన మొదటి ఏడాది గోజీని చూస్తే దిగులేస్తుంది. సన్నని కొమ్మలు నేల మీద వాలిపోయి, ఎటు పడితే అటు సాగుతాయి. వదిలేస్తే మూడేళ్లలో అదొక ముళ్ల పొద. లోపల వెలుతురు పడదు, గాలి ఆడదు, బూడిద తెగులూ పేనుబంకా తిష్ట వేస్తాయి. గోజీ పెంపకంలో అసలు పనంతా కత్తెరదే. బలమైన ఒక్క కాండాన్ని ఎంచుకుని కర్రకు కట్టి, మిగతావి మొదట్లోనే కోసేయాలి. మోకాలి ఎత్తు దాటాక దాని తల తుంచేయాలి. అప్పుడు పక్క కొమ్మలు పుట్టి గొడుగులా కిందికి వంగుతాయి. పండు కాసేది ఆ వంగిన కొమ్మల మీదే. నిట్టనిలువుగా, బొటనవేలి మందాన, ఆకాశంలోకి దూసుకుపోయే కొమ్మలు మొక్క బలాన్నంతా తినేస్తాయి గానీ కాయవు. వాటిని పచ్చగా ఉండగానే తీసేయాలి. ఎరువు దగ్గర కూడా చేతిని అదుపులో పెట్టుకోవాలి. నత్రజని ఎక్కువైతే ఆకు విరగబారుతుంది, పూత రాదు.

పిలకలు ఇంకో సంగతి. వేరు పాకినంత మేరా పిలక లేస్తుంది. ఇంగ్లండ్ దీనికి సాక్ష్యం. 18వ శతాబ్దంలో ఆర్గైల్ మూడో డ్యూక్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ లండన్ పక్కన విట్టన్‌లో దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచేవాడు. ఆయనకు వచ్చిన తేయాకు మొక్క, గోజీ మొక్కల చీటీలు తారుమారయ్యాయని కథ. దాంతో గోజీకి ఇంగ్లిషువాళ్ల నోట ‘డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ టీ చెట్టు’ అన్న పేరు స్థిరపడింది. తర్వాత అది తోట గోడ దాటి, సముద్రపు ఉప్పుగాలికి కూడా చలించకుండా, పొలాల కంచెల్లో అడవి మొక్కలా కలిసిపోయింది. ఇరుగు పొరుగుతో ఒకే కంచె పంచుకునే అమెరికా పెరట్లలో ఇది గుర్తుంచుకోవాలి. కంచెకు నాలుగడుగులు ఇవతల నాటి, పిలక కనిపించినప్పుడల్లా మట్టి తీసి మొదలంటా లాగేయడం మంచి పద్ధతి. లేదంటే అడుగున్నర లోతున్న పెద్ద కుండీ.

పండు కోయడానికీ ఒక నేర్పు ఉంది. ఎర్రబడగానే ఆత్రపడి కోస్తే చేదు. రెండు మూడు రోజులు ఆగి, ముట్టుకుంటే మెత్తగా లొంగేటప్పుడు కోయాలి. అప్పుడు టమాటా వాసన, కాస్త తీపి, చివర్లో నాలుక మీద సన్నటి చేదు. తొడిమ దగ్గర పట్టుకోకుండా పండును నొక్కి లాగితే తోలు చిట్లుతుంది. చిట్లిన చోట గంటల్లో నల్లబడుతుంది. అందుకే తాజా గోజీ అంగళ్లలో అరుదు, ఎండుదే ఎక్కువ. ఆరబెట్టేటప్పుడు పలచగా ఒకే వరసగా పరిచి, తోలు ముడతలు పడేదాకా నీడలోనే ఉంచి, ఆ తర్వాతే ఎండకు పెట్టడం చైనా పాత పద్ధతి. మధ్యలో చేయి పెట్టి కలపకూడదు, తగిలిన ప్రతి పండూ నల్లబారుతుంది. మిరప కల్లంలో కాయల్ని తిరగేసి తిరగేసి ఆరబెట్టే గుంటూరు వాళ్లకు ఈ నియమం వింతగా తోస్తుంది. పై తోలు ఆరి, లోపలి గుజ్జు మెత్తగా ఉండగా ఆపేయాలి. నాలుగైదు కిలోల పచ్చి పండుకు ఒక కిలో ఎండుది వస్తుంది.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. గోజీ కొనేవాళ్లలో చాలామంది కొనేది మందు అనుకునే. 1933లో లీ చింగ్‌యువెన్ అనే చైనా మూలికల వ్యాపారి చనిపోతే, ఆయన వయసు రెండు వందల యాభై ఆరేళ్లని కొందరు చెబుతున్నట్టు న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పటి నుంచి ఆ కథను గోజీకి తగిలించి అమ్మేవాళ్లకు కొదవ లేదు. నమ్మదగ్గ సమాచారం ఇంకా చిన్నదే. పండులో జియాజాంతిన్ అనే పసుపు పదార్థం దండిగా ఉంది. కంటి రెటీనా నడిమధ్య ఉండే వర్ణకాల్లో అదొకటి. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 27 మందితో చేసిన పరిశీలనలో, వారానికి ఐదుసార్లు 28 గ్రాముల చొప్పున 90 రోజులు ఎండు గోజీ తిన్నవాళ్ల కళ్లలో ఆ వర్ణకం పెరిగింది. మంచి వార్తే. కానీ 27 మందే. పైగా మూడు నెలలకు ఒక మనిషికి దాదాపు 1.8 కిలోల ఎండు పండు కావాలి. అంటే ఏడు నుంచి తొమ్మిది కిలోల పచ్చి పండు. పెరట్లో బాగా ఎదిగిన మొక్క ఏడాదంతా కాసేది మహా అయితే రెండు మూడు కిలోలు, అందులో పిట్టల వాటా పిట్టలది. ఇంటి మొక్కను మందుల అల్మరా చేయాలనుకునేవాళ్లకు ఈ కూడిక కుదరదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త. గోజీ టీ తాగాక ఆ మందు ప్రభావం ఎక్కువైన ఉదంతం 2001లోనే వైద్య పత్రికలో నమోదైంది. డాక్టరును అడగకుండా వాళ్లకు పెట్టకూడదు.

మరి ఎందుకు పెంచాలి? ఈ శీర్షిక మొగ్గు ఆకు వైపు.

చైనా వంటింట్లో గోజీ ఆకు పాత కూర. సోంగ్ రాజుల కాలపు మహాకవి సూ షి 1074లో మీజౌకు అధికారిగా వచ్చేసరికి అక్కడ కరువు. జిల్లా పెద్ద అయ్యుండీ, కింది అధికారి లియూ తింగ్‌షిని వెంటబెట్టుకుని పాత కోటగోడ పక్కన పాడుబడ్డ తోటల్లో గోజీ, చామంతి ఆకులు వెతికి కోసుకు తినేవాడు. దాని మీద ఒక రచనే చేశాడు, పొట్ట నిమురుకుంటూ నవ్వుకున్న సంగతి అందులోనే ఉంది. ఏడు వందల ఏళ్ల తర్వాతి నవల ‘హొంగ్ లౌ మంగ్’లో అదే ఆకు శ్రీమంతుల ఇంట కనిపిస్తుంది. 61వ అధ్యాయంలో ఆ ఇంట్లో ఉండే ఇద్దరు అమ్మాయిలు నూనె, ఉప్పు వేసి వేయించిన గోజీ చిగురు తినాలనిపించి వంటమనిషికి ఐదు వందల నాణేలు పంపిస్తారు. ఇరవై ముప్పై నాణేల కూరకు ఇంత ఎందుకని ఆమె ఆ డబ్బు వెనక్కి పంపినా వాళ్లు తీసుకోరు. కరువులో అధికారి పొట్ట నింపిన ఆకూ, గొప్పింటి అమ్మాయిల నోరూరించిన ఆకూ ఒక్కటే.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డోంగ్‌లో ఇప్పటికీ ఆకు కోసమే పెంచుతారు. అది పండు గోజీకి చెల్లెలు లాంటి లైసియమ్ చైనెన్స్, ఆకు వెడల్పుగా ఉంటుంది. శరత్తులో కొమ్మలు గుచ్చి, చలికాలమంతా కోసుకుని, ఎండలు ముదిరేసరికి పంట ముగిస్తారు. ఉక్కపోత దేశంలో దాన్ని చలికాలపు ఆకుకూరగా చూస్తున్నారన్న మాట. హైదరాబాద్ మేడ మీద, విజయవాడ బాల్కనీలో గోజీ పెంచాలని ముచ్చటపడేవాళ్లు నింగ్‌షియాను కాక గ్వాంగ్‌డోంగ్‌ను ఆదర్శంగా తీసుకోవాలి. పండు మీద ఆశ తగ్గించుకుని, వానలు వెనకబట్టాక అక్టోబరులో కొమ్మ నాటుకుంటే సరి.

ఆకు కోత మునగాకు కోసినంత సులువు కాదు. కణుపు కణుపుకూ సూదిలాంటి ముల్లు దాక్కుని ఉంటుంది. ఒక చేత్తో కొమ్మ కొస పట్టుకుని, రెండో చేత్తో మొదలు వైపు దూస్తే ముల్లు గుచ్చుకుంటుంది. లేత కొసల్ని బెత్తెడు పొడవున గిల్లుకోవడమే క్షేమం, అక్కడ ముల్లు ఇంకా గట్టిపడి ఉండదు. రుచి కొద్దిగా చేదు, కొద్దిగా వగరు. మెంతికూర ఇష్టపడే నాలుకకు అడ్డం రాదు. చైనావాళ్లు ఉప్పులో ఊరిన గుడ్డుతో చారు కాస్తారు. తెలుగు ఇంట్లో పెసరపప్పు ముప్పాతిక ఉడికాక ఈ చిగురు వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెడితే అన్నంలోకి బాగుంటుంది. రెండు నిమిషాలకు మించి ఉడికిస్తే ఆకు నల్లబడి చేదు పైకి తేలుతుంది.

ఇంకో లాభం, పెరటి మనిషి మరవకూడనిది, ఈ గిల్లడమే మొక్కకు కత్తెర కూడా. మే నెలలో కొసలు గిల్లిన ప్రతి కొమ్మా కింది కణుపుల నుంచి రెండు మూడు పక్క కొమ్మలు వేస్తుంది. పూత వచ్చేది ఆ పక్క కొమ్మల మీదే. పప్పులోకి చిగురు కోసినవాళ్ల మొక్కే ఎక్కువ పండ్లు కాస్తుంది. చేయి పెట్టకుండా కాపాడుకున్న మొక్క ఎత్తు పెరుగుతుంది. వేసవి మధ్యలో గిల్లడం ఆపేసి, పండు కోత ముగిసిన అక్టోబరు తర్వాత ఆకు రాలేలోగా ఇంకొకసారి కోసుకోవచ్చు. ఫిబ్రవరిలో మిగిలిన కొమ్మల్ని మూడో వంతుకు కుదించి, కోసిన వాటిలో పెన్సిల్ మందం ఉన్నవి ఏరి, తడి గుడ్డలో చుట్టి, అడిగిన వాళ్లకు ఇవ్వాలి.