ఆస్థానకవి అదృష్టము

విజయము మనుష్యునకు మేలు చేయునా, కీడు చేయునా అను ప్రశ్న నీతిశాస్త్రమున ఎంత ప్రాచీనమో సాహిత్యమునందును అంత ప్రాచీనమే. అయినను విమర్శకుడు దీనికి నీతికారునివలె బదులు చెప్పరాదు. సంపద కవిని చెరచును, దారిద్ర్యము పావనుని చేయును అని సూత్రము కట్టుట సులువు. కాని కనకాభిషేకము శ్రీనాథుని పద్యమును చెరచినదని చెప్పగల సాహసికుడెవ్వడు? విజయము కవికి ఏ మార్గమున హాని చేయగలదో పరీక్షించుటకు ఢిల్లీ నగరచరిత్రలో ఒక చక్కని నిదర్శనము కలదు. ఒకే కాలమున, ఒకే దర్బారు నీడలో అచట ఇరువురు ఉర్దూ కవులు జీవించిరి. ఒకడు జౌక్, మరియొకడు గాలిబ్.

షేక్ ముహమ్మద్ ఇబ్రహీం జౌక్ ఒక పేద సిపాయి కుమారుడు. వంశగౌరవము గాని ధనబలము గాని లేకయే యౌవనమున యువరాజు జఫర్‌నకు కవితాగురువయ్యెను. తొలుత ఆయన జీతము నెలకు 4 రూపాయలని శిష్యుడు ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రకటించిన ‘ఆబె హయాత్’లో వ్రాసెను. రెండవ అక్బర్ షా ఆయనను ‘ఖాకానీ-ఎ-హింద్’ అని సత్కరించెను. 1837లో జఫర్ సింహాసనమెక్కిన పిదప, 1854లో తాను మరణించువరకు, ఢిల్లీ కవిలోకమున జౌక్ మాటకు ఎదురులేకుండెను. హైదరాబాదు దివాను చందూలాల్ పిలిచినను ఢిల్లీ వీథులను విడిచి దక్కనునకు రాననెనని ప్రసిద్ధి.

గాలిబ్ కథ వేరు. పింఛను వ్యాజ్యమునకై 1828లో కలకత్తా చేరి, విఫలుడై మరలివచ్చెను. 1847లో జూదపు నేరమునకు చెరసాల చూచెను. 1850లో గాని కోట ఆయనను ఆదరింపలేదు. అప్పుడును అప్పగింపబడినది తైమూరు వంశచరిత్రను వ్రాయు పని, నెలకు 50 రూపాయల వేతనముతో. పాదుషాకు గురుపీఠము జౌక్ మరణానంతరమే ఆయనకు దక్కెను. మూడేండ్లకే, 1857లో, ఆ దర్బారే అంతరించెను.

నేడు లోకము ఈ ఇరువురిలో ఎవరిని చదువుచున్నదో చెప్పనక్కరలేదు. అయితే జౌక్ అల్పకవియని తలచుట అన్యాయము. ఖసీదా రచనయందు సౌదా తరువాత ఆయననే చెప్పుకొందురు. ఢిల్లీ నుడికారమును, సామెతను పద్యపాదమున అతుకు కనబడకుండ కూర్చుటలో ఆయనకు సాటి అరుదు. లోపము ప్రతిభలో లేదు, ఆ ప్రతిభకు లభించిన శ్రోతలలో కలదు. ముషాయిరాలో మొదటి పాదము వినగానే రెండవదాని ప్రాసను సభ ఊహించుచుండును. ఊహించినది ఊహించినట్లు, అంతకన్న సొంపుగా వినబడినచో ‘వాహ్వా’ అని సభ మ్రోగును. జౌక్ ఈ సంతృప్తిని ఏండ్ల తరబడి లోపము లేకుండ అందించెను. తన మార్గమును శంకించుకొను అవసరము ఆయనకు ఎన్నడును కలుగలేదు.

గాలిబ్‌నకు ఆ శంక తప్పలేదు. ఆయన తొలి కవిత పారసీ సమాసములతో బిగిసి, సభలో పరిహాసమునకు గురియయ్యెను. 1821 నాటి భోపాలు వ్రాతప్రతి 1921లో అచ్చయినది. దానిని 1841లో వెలువడిన దీవానుతో పోల్చినచో, కవి తన పద్యములనెన్నిటినో తానే త్రోసిపుచ్చెనని తెలియును. నిలిపిన వానిలో క్లిష్టత పూర్తిగా తొలగలేదు, కాని అది ఆలోచనకు లోబడినది. తిరస్కారము ఆయనకు ఆకురాయి అయినది.

ఇచట ఒక ఆక్షేపణ రాక మానదు. పరాజయమే గొప్పతనమునకు కారణమైనచో ఢిల్లీలో ఓడిన కవులందరును గాలిబులు కావలెను గదా! గాలిబ్ సైతము విజయమును కాంక్షించినవాడే. పాదుషాపైనను, ఆంగ్ల అధికారులపైనను ఆయన ఖసీదాలు వ్రాసెను. మరి మీర్ తన జీవితకాలముననే మహాకవిగా మన్ననలందెను; అందువలన ఆయన గజలు పలుచబడలేదు. ఈ ఆక్షేపణ సత్యమే. కనుక విజయమును నిందింపరాదు. కవి తనను తాను ప్రశ్నించుకొనుటను మాన్పించు విజయమే హానికరము. మీర్ సన్మానమును పొందియు సభ తీర్పుకన్న తన తీర్పునే పైన నిలుపుకొనెను.

జౌక్‌నకు కలిగిన రెండవ నష్టము మరింత స్థూలమైనది. జఫర్ దీవానులు నాలుగు. వానిలో అధికభాగము జౌక్ రచనయే అని ఆజాద్ వాదించెను. పరిశోధకులు పలువురు అంగీకరింపరు. వివాదము ఎట్లు తేలినను, గురువు పొద్దు శిష్యుని పద్యములు దిద్దుటలో గడచినదనుట నిజము. 1857 విప్లవమున ఢిల్లీ దోపిడికి లోనుకాగా జౌక్ రచనలు అనేకము నశించెను. ఆజాద్ ఇల్లు విడిచి పారిపోవుచు చంకనిడుకొనిన కట్టయే మనకు మిగిలినది. దర్బారును నమ్మిన కవిత దర్బారుతోడనే కూలెను.

కథ ఇంతటితో ముగిసినచో గాలిబ్ గెలిచెనని సంతోషింపవచ్చును. కాని ఆ విజయము కూడ నేడు అదే పరీక్షను ఎదుర్కొనుచున్నది. 1954లో సోహ్రాబ్ మోదీ చలనచిత్రము, 1969లో శతవర్ధంతి, 1988లో గుల్జార్ దూరదర్శన్ ధారావాహిక ఆయనను ఇంటింటి కవిని చేసెను. ఫలితముగా ఆయనవి కాని ద్విపదులు ఆయన పేర చెల్లుచున్నవి. తన ఉర్దూకన్న మిన్నయని ఆయన నమ్మిన పారసీ కవితను తెరచువారు అరుదు. ఒకనాడు అర్థము కాలేదని నవ్విన సభయే నేడు అర్థమైనదని తల యూపుచున్నది. మొదటి సభ ఆయనకు చేసిన మేలును రెండవది చేయుచున్నదా అనునది సందేహమే.

నిజాముద్దీనున గాలిబ్ సమాధికి యాత్రికులు పోవుచున్నారు. పహాడ్‌గంజ్ దాపున జౌక్ సమాధిపై ఒకప్పుడు మూత్రశాలలు వెలసెను. న్యాయస్థానము కలుగజేసికొనిన పిదప గాని ఆ స్థలము బాగుపడలేదు. రాళ్లకు జరుగు మర్యాదను బట్టి కవిని తూచుట మనకు తగదు. జౌక్ ఖసీదాను ఓపికతో చదువుడు. గాలిబ్ కొట్టివేసిన పద్యములను నిలిపిన పద్యముల ప్రక్కన ఉంచి చూడుడు. ఒకరికి ఉపేక్షయు మరియొకరికి అతిప్రసిద్ధియు చేసిన అపచారమును కొంతవరకైనను తీర్చగలవాడు అట్టి పాఠకుడే.