తాళంచెవీ బైబిలూ

ఉత్తర అమెరికా తూర్పు తీరపు ఆల్గాంక్వియన్ భాషలను తొలినాళ్లలో అచ్చెక్కించిన పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదివితే, ముందు మనసు లాగేది రోజర్ విలియమ్స్‌దే. 1643లో లండన్‌లో వచ్చిన ‘అమెరికా భాషకు తాళంచెవి’ నారగాన్‌సెట్ జనం నోటిమాట. మొదటి అధ్యాయమే పలకరింపులు. ‘నీటాప్’ అంటే నేస్తం. ఆ తర్వాత తిండి, నిద్ర, దారి ప్రయాణం. గడప దగ్గర బాటసారికీ ఇంటివారికీ నడిచే సంభాషణ వింటున్నట్టే ఉంటుంది.

1663లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అచ్చయిన జాన్ ఎలియట్ బైబిలులో ఆ సందడి లేదు. భాష వాంపనోగ్ జనానిది, బతుకు వాళ్లది కాదు. వాళ్ల నమ్మకాలను మార్చడానికే పుట్టిన గ్రంథమది. ఆ ఉద్దేశాన్ని నేను మెచ్చలేను.

అయినా పైచేయి బైబిలుదే అంటాను. విలియమ్స్ ఇచ్చినవి మాటలు, పొట్టి వాక్యాలు. బైబిలులో వేల వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని సాగుతాయి. క్రియ ఎన్ని రూపాలు తిరుగుతుందో అక్కడ కనిపిస్తుంది. 1666లో ఎలియట్ రాసిన వ్యాకరణాన్ని కూడా దగ్గర పెట్టుకుంటే లోతు తెలుస్తుంది. ప్రాణమున్నవాటి బహువచనం ‘ఓగ్’తో ముగుస్తుంది. నక్షత్రాలు ఆ వరసలోనే చేరాయి! మన వ్యాకరణంలో చుక్కలు అమహత్తులు. ‘మేము’, ‘మనం’ మాత్రం వాళ్లకూ వేరువేరే: ‘నీనవున్’, ‘కెనవున్’. ఆ తేడా ఇంగ్లీషువాడికి విడమరచాలి, తెలుగువాడికి అక్కర్లేదు.

నూరేళ్లకు పైగా ఎవరూ మాట్లాడని ఈ వాంపనోగ్ భాషను లేపడానికి 1993లో పూనుకున్న వాంపనోగ్ మహిళ జెస్సీ లిటిల్ డో బేర్డ్‌కు ఆసరా అయింది ఆ బైబిలే. దానితోపాటు తమ పూర్వీకులు సొంత చేతులతో రాసుకున్న దస్తావేజులు. ఎంఐటీలో భాషావేత్త కెన్నెత్ హేల్‌తో కలిసి పనిచేసి 2000లో భాషాశాస్త్రంలో పట్టా పొందారు. ఆమె కూతురు ఆ భాషను పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగింది.

ఒక్క లోపం మాత్రం క్షమించలేనిది. ఆ బైబిలు అక్షరాలు కూర్చిన చేతుల్లో నిప్‌మక్ జాతివాడు వావౌస్‌వీ ఉన్నాయి. ముఖపత్రంపై ఎలియట్ పేరుంది, ఇద్దరు ఇంగ్లీషు ముద్రాపకుల పేర్లున్నాయి, అతని పేరు లేదు. 1709లో బోస్టన్‌లో అదే భాషలో వెలువడిన కీర్తనల పుస్తకం ముఖపత్రంపై మాత్రం ‘జె. ప్రింటర్’ అని ఉంది. ఆ జేమ్స్ ప్రింటర్ వావౌసే.