విత్తనానికి బెల్లపు పూత

హైదరాబాద్ హైటెక్ సిటీ అద్దాల మేడల నుంచి ముంబై రహదారి ఎక్కితే పటాన్‌చెరు వస్తుంది. 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిసింది అక్కడే. ఆ చుట్టుపక్కల పప్పుధాన్యాల సాగులో నాకెంతో ఇష్టమైన పని, విత్తనానికి రైజోబియం అనే బ్యాక్టీరియాను పట్టించడం.

బెల్లం నీళ్లు కాచి పూర్తిగా చల్లార్చాలి. వేడి తగిలితే బ్యాక్టీరియా చస్తుంది. అందులో 200 గ్రాముల రైజోబియం కల్చర్ పొట్లం కలిపి, ఎకరం గింజకు పట్టించి, పైపొట్టు ఊడకుండా మెల్లగా కలియదిప్పి, నీడలోనే ఆరబెట్టాలి. శిలీంధ్రనాశిని వాడేవాళ్లు దాన్ని ముందే పట్టించి, కల్చర్‌ను చివరికి ఉంచుకుంటారు. ఇంత నిదానం తెలిసిన చేతులకు దండం పెట్టాలి.

ఆపై పని మొక్కది. వేరు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. అవి అందిన రైజోబియం తన సంకేతం పంపుతుంది. అది కుదిరితే వేరునూగు వంకర తిరిగి దాన్ని లోపలికి రానిస్తుంది, బుడిపె కడుతుంది. మొక్క చక్కెరలు ఇస్తుంది. బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది. ఈ రానివ్వడం మొక్క జన్యువుల్లోనే ఉంది. బుడిపెలే కట్టని వేరుశనగ, శనగ రకాలను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటిని పక్కన వేసి పోల్చితే, మామూలు రకం గాలి నుంచి ఎంత నత్రజని తెచ్చుకుందో లెక్కకట్టొచ్చు. లోపమున్న మొక్కను పారేయక కొలబద్దగా మలచుకోవడం ఎంత గొప్ప ఆలోచన!

నెల దాటాక తెలిసిన రైతు ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పారతో లేపుతాడు. పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. వేరు కడిగి, బుడిపెను గోటితో చీలుస్తాడు. లోపల గులాబీ రంగు ఉంటే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉన్నట్టు, నత్రజని పని నడుస్తున్నట్టు.