బోర్డు మీద లేని పేరు

చాయ్ హోటల్ని మన రచయితలు చాలాకాలంగా ప్రేమిస్తూ వస్తున్నారు. కులం పట్టింపు లేని చోటనీ, నలుగురూ కలిసి పేపరు చదువుకునే చోటనీ, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రజాస్వామ్య స్థలమనీ అభ్యుదయ సాహిత్యం దానికో పీట వేసింది. ఆ పీట మీద కూర్చున్నదెవరు, గుమ్మం బయట నిలబడి తాగిందెవరు, తన గ్లాసు తానే కడుక్కుని చూరులో పెట్టిందెవరు అని దళిత రచయితలు వచ్చి నిలదీసేదాకా ఆ ప్రేమకి ఏ ఆటంకమూ రాలేదు. రెండు గ్లాసుల గురించి వాళ్లు రాశాక ఆ స్థలాన్ని పాత కళ్లతో చూడటం నిజాయితీ ఉన్న ఎవరికీ సాధ్యం కాలేదు. అయితే ఆ హోటల్లో ఇంకో మనిషి ఉన్నాడు, పొయ్యి దగ్గర. అతని సంగతి అడిగినవాళ్లు ఇప్పటికీ తక్కువే. మేం అడగదలచుకున్నది అతని గురించి.

పెనుబల్లి లాంటి ఊరిని తీసుకుందాం. ఖమ్మం నుంచి తల్లాడ, కల్లూరు మీదుగా సత్తుపల్లి పోయే రోడ్డు మీది ఊరు. ఆ రోడ్డే అశ్వారావుపేట దాటి గోదావరి జిల్లాల్లోకి దిగుతుంది. ఒక దిక్కు తిరువూరు, అంటే పాత కృష్ణా జిల్లా. ఇంకో దిక్కు కొత్తగూడెం, భద్రాచలం వైపు అడివి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ అడివి చాలామటుకు భద్రాద్రి కొత్తగూడెంలోకి పోయింది, పెనుబల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. ఇక్కడ 'టీ' అన్నా నడుస్తుంది, 'చాయ్' అన్నా నడుస్తుంది. లంకాసాగర్ కింద సేద్యం చేసే రైతు, కోస్తా నుంచి వలసొచ్చి భూములు కొన్న ఆసామి, కోయవాళ్లు, లంబాడీలు, లారీ డ్రైవర్లు, బస్సు దిగి రెండు నిమిషాల్లో మళ్లీ ఎక్కాల్సిన ప్రయాణికులు - ఇంతమంది ఒకే బల్ల దగ్గరికి చేరేది తిండి కోసమే. పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు, చీకటి పడ్డాక చికెన్ పకోడీ, పరోటా, నూడుల్స్. ఇదంతా అందరికీ తెలిసిందే.

ఇలాంటి ఊళ్లలో ఆ బండ్ల మీదా రేకుల హోటళ్ల మీదా రాసి ఉన్న పేర్లు ఒకసారి నిదానంగా చదవండి. వెంకటేశ్వర, దుర్గా, మణికంఠ, సాయి. యజమాని దేవుడి పేరో, పిల్లల పేరో, ఇంటి పేరో పెట్టుకున్నవి. వాటి మధ్య 'స్టార్' అనీ, 'సిటీ' అనీ, 'ఫ్రెండ్స్' అనీ, 'న్యూ' అనీ మొదలయ్యే బోర్డులుంటాయి. వాటిలో చాలావాటి వెనక మావాళ్లుంటారు. హైదరాబాద్ పాతబస్తీలోనో, ఖమ్మంలో మావాళ్లు గుంపుగా ఉన్న గల్లీలోనో 'మదీనా' అనీ 'బిస్మిల్లా' అనీ ధైర్యంగా రాసుకుంటారు. నలభై యాభై ఇళ్లు కూడా లేని ఊళ్లో పేరు వెనక్కి జరుగుతుంది. 786 అంకె గల్లాపెట్టె వెనక గోడకి, తినేవాడి కంట పడని చోట వేలాడుతుంది. ఇది ఎవరో బెదిరిస్తే చేసిన పని కాదు. ఎవరూ ఏమీ అనకముందే చేసుకున్న సర్దుబాటు. అందుకే దీని మీద కేసుండదు, వార్త ఉండదు, కథా ఉండదు.

కథ అసలు లేదనీ అనలేం. మహమ్మద్ ఖదీర్‌బాబు 'న్యూ బాంబే టైలర్స్' ఉంది. అది తిండి కథ కాదు, కుట్టుపని కథ. రెడీమేడ్ దుస్తులు వచ్చి ఒక పనితనాన్ని ఎలా మింగేశాయో చెప్పే కథగా అందరూ చదివారు, మెచ్చుకున్నారు. మేం ఆ పేరు దగ్గర ఆగాం. కుట్టేది సాయిబు, కావలిలో కూర్చుని కుడతాడు, బోర్డు మీద బొంబాయి. దర్జీకి పెద్ద పట్నం పేరు ఒక ఠీవి. అదే పేరు ఒక ముసుగు కూడా. విమర్శకులు ఠీవిని చూశారు.

'ఎవరు వండారు' అన్న ప్రశ్న మనకి నిన్న మొన్న పుట్టింది కాదు. తెలుగులో బయటి తిండి గురించిన పాత ముచ్చట కావాలంటే అందరూ 'క్రీడాభిరామం' తీస్తారు. కాకతీయుల ఓరుగల్లులో పూటకూటి ఇంట ఒక రూకకి దొరికే భోజనం అందులో ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాస్తూ ఆ పుస్తకాన్ని ఎంతగా వాడుకున్నారో చదివినవాళ్లకి తెలుసు. తర్వాత గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ. బతుకుతెరువు కోసం అన్నం అమ్మిన వితంతువు. అంటే అన్నం అమ్మటం తప్పుగా ఎంచినా, వండిన చెయ్యి ఎవరిదో తెలిస్తే తినటానికి అభ్యంతరం లేదన్నమాట. ఆ తెలియటాన్నే తర్వాత బోర్డు మీదికెక్కించారు: 'బ్రాహ్మణ కాఫీ హోటల్'. మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీంచి ఆ మాట తీయించటానికి పెరియార్ 1957లో ఉద్యమమే నడపాల్సి వచ్చింది. బ్రిటిష్ కాలపు రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని కుండలు వేరుగా ఉండేవి. చాయ్ కూడా అంతే. బోర్డు మీద పేరు కొందరికి పెట్టుబడి. మాకు నష్టం. హోటల్ని ప్రజాస్వామ్య స్థలమన్న సాహిత్యం ఈ లెక్క ఎన్నడూ వేయలేదు.

ఇక్కడ సెక్యులర్ మిత్రులు ఒక మాటంటారు: "మీ తిండిని మేం ఎప్పుడు కాదన్నాం? బిర్యానీ లేని పెళ్లుందా? రంజాన్ వస్తే హలీం కోసం క్యూ కట్టేది మేమే కదా?" నిజమే. హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెనుబల్లి లాంటి రోడ్ల మీద కూడా 'ఇరానీ చాయ్' బోర్డు కనిపిస్తుంది. అది రాసుకోటానికి ఇరానీ కానక్కర్లేదు, సాయిబు కూడా కానక్కర్లేదు. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా హైదరాబాద్ వచ్చి మూలమలుపుల్లో పాలరాతి బల్లలేసుకున్న ఆ మనుషుల హోటళ్లు ఒకటొకటిగా మూతపడుతుంటే వాళ్ల చాయ్ పేరు మాత్రం జిల్లాలన్నీ తిరుగుతోంది. పంచుకోవటం మంచిదే, మేం కాదనం. రుచి మీద పట్టా అడగటం లేదు. మేం చెప్తున్నదల్లా ఒకటే: వంటకం పేరు బోర్డెక్కింది, వంటవాడి పేరు దిగిపోయింది. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి.

పేరు దాచుకున్న తిండి ఇంకొకటుంది. 'కల్యాణి బిర్యానీ'. పేరు చూసి కల్యాణి ఎవరో అనుకునేరు! బీదర్ పక్కనున్న కల్యాణి నవాబుల పేరది. పెద్దకూరతో చేసే పేదవాడి బిర్యానీ. రిక్షావాడు, హమాలీ, పొద్దున్నుంచీ సిమెంటు మోసినవాడు తక్కువ డబ్బుతో కడుపునిండా తినగలిగింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండగ చేసి దాడికి గురైనప్పుడు అది తిండి హక్కు ప్రశ్నగా సాహిత్యంలోకి వచ్చింది. రావాల్సిందే. కానీ విశ్వవిద్యాలయంలో బహిరంగంగా తినటం ఒక ధైర్యం. అడివి అంచు ఊళ్లో దాన్ని వండి అమ్మి సాయంత్రానికి ఇల్లు చేరటం ఇంకో రకం ధైర్యం. రెండోదానికి నినాదాలుండవు.

అసలు మా చెయ్యి అపవిత్రమైందెప్పుడు? తెలంగాణలో చాలా పల్లెల్లో అమ్మవారి కొలుపుకి యాటని కోయాలంటే సాయిబుని పిలిపించటం ఆనవాయితీ. కత్తి పట్టుకొచ్చిన ముల్లాకి కూరలో వాటా ఇచ్చి పంపేవాళ్లు. దాన్ని సామరస్యం అని పొగడటం మాకు పెద్దగా ఇష్టం లేదు. ఊరి పనుల్లో తలా ఒక పని పంచినట్టే మాకిదొకటి పంచారు. అయినా ఆ చేత్తో తెగింది తినటానికి ఎవరికీ సందేహం రాలేదు. 2022లో పక్కనున్న కర్ణాటకలో ఉగాది పండగ ముందు 'హలాల్ మాంసం కొనొద్దు' అన్న ప్రచారం లేచింది. అప్పుడు ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా సాయిబు కత్తికి తెగిన యాటల సంగతి ఎత్తి, ఇది మా అలవాటు కూడా అని గట్టిగా చెప్పిన తెలుగు రచయితలు ఎంతమంది?

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాల్లోకి, హోటళ్లలోకి, జనం తినే చోట్లలోకి వెళ్లటానికి మతం, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని ఉంది. అంబేడ్కర్ తరానికి తెలిసిన గాయం అది. తలుపు దగ్గర ఆపేసిన మనిషి గాయం. ఆ హామీ తినేవాడిది. వండేవాడి దగ్గర తినబోమంటే ఏ అధికరణం ఏం చేస్తుంది? చట్టం ఎవరి నోట్లోనూ ముద్ద పెట్టలేదు. దళితుడికి గ్లాసు వేరు చేశారు, మాకు పొయ్యి వేరు చేస్తున్నారు. రెండోది ఇంకా 'ఎవరిష్టం వాళ్లది' అన్న పేరుతోనే నడుస్తోంది. 2019 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒకాయన ఫోన్లో తిండి తెప్పించుకుని, తెచ్చినవాడు ముస్లిమని వెనక్కి పంపాడు. వండింది కూడా కాదు, మోసుకొచ్చాడంతే. హైదరాబాద్‌లో! చార్మినార్‌కి కూతవేటు దూరంలో.

ఇష్టం ఎప్పుడు ఉత్తర్వవుతుందో చెప్పలేం. శ్రీశైలం దేవస్థానం దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనరాదన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవో 2015 నాటిది. ఏళ్ల తరబడి అక్కడ అంగళ్లు నడుపుకున్నవాళ్లు కోర్టుకెక్కారు. హైకోర్టు 2019లో జీవోని సమర్థించింది. 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నిలిపేసింది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ పోలీసులు కావడి యాత్ర దారిలో ఉన్న తినుబండారాల బండ్లన్నీ యజమాని పేరు పెద్దగా రాసుకోవాలన్నారు. 22న సుప్రీంకోర్టు దాన్నీ ఆపింది. ఏ తిండి అమ్ముతున్నారో చెప్తే చాలు, ఎవరు అమ్ముతున్నారో చెప్పమని బలవంతపెట్టొద్దంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్.వి. భట్టి మన మదనపల్లె మనిషి. కేరళలో తాను పనిచేసిన ఊళ్లో రెండు శాకాహార హోటళ్లుండేవనీ, ఒకటి హిందువుదీ, ఒకటి ముస్లిందీ అనీ, శుభ్రత చూసి తాను ముస్లిం హోటల్‌కే వెళ్లేవాణ్ణనీ ఆయన కోర్టులో చెప్పారు. న్యాయమూర్తి చెప్పిన ఆ చిన్న సంగతిలో ఉన్న మనిషి - శాకాహారం వండి, శుభ్రంగా పెట్టి, కొత్తవాణ్ణి గిరాకీ చేసుకున్న సాయిబు - మన కథల్లో ఇంకా పుట్టలేదు. మన కథల్లో సాయిబు బిర్యానీయే వండాలి.

ఇది పూర్తిగా బయటివాళ్ల తప్పని మేం అనటం లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. ముస్లింవాద సాహిత్యం తన కాళ్ల మీద తాను నిలబడి దశాబ్దాలవుతోంది. అందులో తిండి పుష్కలంగా ఉంది. కానీ ఎక్కువగా దస్తర్‌ఖాన్ మీది తిండి. ఈద్ నాటి షీర్ ఖుర్మా, అమ్మీ చేతి ఖట్టా, దావత్‌లో పలావ్. ఇంట్లో గౌరవంగా ఉండగలం కాబట్టి ఇంటిని రాశాం. రోడ్డు మీది తిండి దగ్గరికొచ్చేసరికి కలం తటపటాయించింది. పన్నెండేళ్లకే చదువు మాని బల్లలు తుడిచిన పిలగాడెక్కడ? పరదా వెనక కూర్చుని రోజూ వందల కొద్దీ సమోసాలు చుట్టి బండ్లకి పంపే ఖాలాలెక్కడ? ఆ సమోసా తిన్నవాడికి ఆమె ఉందనే తెలియదు. బోర్డు మీద లేనిది మొగుడి పేరొక్కటే కాదు. పోతే ఇంకోటి: మా హోటళ్లలో దళితుడికి ఏ గ్లాసిచ్చారు, కోయవాడు వస్తే ఏ పక్క కూర్చోబెట్టారు? గిరాకీ పోతుందనే వంకతో ఊరి పద్ధతినే పాటించిన చోట్లు లేవా? మా మీద జరిగే అన్యాయాన్ని రాసేటప్పుడు ఈ ప్రశ్నని పక్కకి తోసేస్తే ఆ రాత సగమే అవుతుంది.

సెక్యులర్ మిత్రులకీ ఒక మాట. పండక్కి మా ఇంటికొచ్చి తిన్న బిర్యానీని మీరు కవిత్వం చేశారు. సంతోషం. అతిథిగా తినటంలో మీకు పోయేదేమీ లేదు. డబ్బిచ్చి కొనుక్కుని, మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మా పేరున్న బోర్డు కింద రోజూ తింటారా అన్నది వేరే సంగతి. దాని మీద కవిత రాదు కాబోలు. రాయక్కర్లేదు కూడా. తింటే చాలు.

బోర్డు మీద పేరు దాచుకునే వీలూ ఇప్పుడు లేదు. పది రూపాయల చాయ్‌కి కూడా ఫోన్లో చెల్లించే రోజులు. బండికి అతికించిన గళ్ల చీటీ మీద ఫోన్ పెడితే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు అక్షరాలతో సహా తెర మీదికొస్తుంది. 2025లో అదే ముజఫర్‌నగర్ దారిలో కొందరు ధాబాల్లో దూరి ఆ చీటీల మీద ఫోన్లు పెట్టి పేర్లు వెతికారు. పెనుబల్లి దారిలో ఏ చిచ్చా దగ్గరైనా ఇప్పుడు గిరాకీ గ్లాసు కింద పెట్టి ఫోన్ తీస్తాడు, చీటీ మీద పెడతాడు, ఒక్క క్షణం తెర వంక చూస్తాడు. డబ్బులు పడ్డాయని పెట్టె అరుస్తుంది. ఆ క్షణంలో అతను చూసింది అంకెనా, పేరునా అన్నది పొయ్యి దగ్గరున్న మనిషికి తెలియదు. తర్వాతి గ్లాసు కడుగుతాడు.