గ్రాముల బేరము: తేలిక సైకిలు పథకముపై ఒక విమర్శ

కొన్ని దినముల క్రిందట మా కళాశాల విద్యార్థి ఒకడు నాలుగు పుటల కాగితములు తెచ్చి నా బల్లపై నుంచినాడు. "మాస్టారూ, లెక్కల్లో తప్పులుంటే దిద్దండి" అన్నాడు. అతనిది రేపల్లె దగ్గర పల్లె. తెనాలిలో గది తీసికొని చదువుకొనుచున్నాడు. అతనికి వంగిన హేండిలుగల పాత రోడ్డు సైకిలొకటి కలదు. దాని బరువు 12 కిలోలు. దానిని 7 కిలోలకు దింపవలెనని అతని పథకము. ఏ భాగమును తీసివేసి ఏ భాగమును వేయవలెనో, దానివలన ఎన్ని గ్రాములు తగ్గునో ఆ కాగితములలో వరుసగా వ్రాసినాడు. ఖర్చు చివరి పుటలో నున్నది. ఆ మొత్తమును చూచి నేనొక నిమిషము మాటాడలేకపోయితిని. "మినుములు అమ్మిన డబ్బులో ఇస్తానన్నారు నాన్నగారు" అని అతడే అన్నాడు.

పుస్తకమును విమర్శించినట్లే పథకమును కూడ విమర్శింపవచ్చును. గుణములు ముందు, దోషములు పిదప చెప్పుట మర్యాద. ఒక రైతు పంటసొమ్ము ఇందులో చిక్కుకొని యున్నది కనుక మర్యాదతోపాటు లెక్క కూడ గట్టిగా నుండవలెను.

పథకములోని గుణములు

ఆ పట్టిక యిది. ఫ్రేము మార్చిన 1200 గ్రాములు, ముందు ఫోర్కు మార్చిన 500, చక్రములు 1000, టైర్లు, ట్యూబులు 500, పెడల్ క్రాంకులు, గేర్లు 900, సీటు, సీటు కడ్డీ, హేండిలు కలిపి 600, స్టాండు, బెల్లు, మడ్‌గార్డులు తీసివేసిన 300. మొత్తము 5000 గ్రాములు తగ్గును.

కూడిక సరిగా నున్నది. ఈ కుర్రవాడు తన సైకిలును విప్పి, ఒక్కొక్క భాగమును త్రాసులో తూచి వ్రాసినాడు. తాను నడుపు యంత్రమును ఇంత శ్రద్ధగా తూచి చూచినవారు మనలో ఎందరు? "బాగా తేలికవుతుంది" అని ఊరకొనక ఎంత తేలికయగునో అంకెలలో చెప్పినాడు. విజ్ఞానశాస్త్రము ఇక్కడనే మొదలగును.

చక్రముల విషయమున అతడు వ్రాసిన వాక్యమొకటి మరింత మెచ్చదగినది. "చక్రపు అంచున ఒక గ్రాము తగ్గితే ఫ్రేములో రెండు గ్రాములు తగ్గినట్లు" అని వ్రాసినాడు. ఇది నిజమే. ఫ్రేము ముందుకు పోవుటయే కాని తిరుగదు. చక్రపు అంచు ముందుకు పోవుచునే తిరుగుచుండును. అంచు తిరుగు వేగము సైకిలు వేగముతో సమానము. కనుక అంచునందలి ద్రవ్యరాశికి ఒకే వేగమున రెండింతల గతిశక్తి నీయవలసి వచ్చును. ఇది పదవ తరగతి దాటినవారికి చక్కని అభ్యాసము.

చదును నేలపై లెక్క

ఇక దోషములు. పథకములో అన్ని బరువులును ఉన్నవి గాని, ఆ బరువు తగ్గినందువలన కలుగు లాభము ఎచ్చటను లేదు. ఎన్ని గ్రాములకు ఎన్ని రూపాయలో వ్రాసినాడు. ఎన్ని గ్రాములకు ఎన్ని సెకండ్లో వ్రాయలేదు. ఆ లెక్క మనము వేసి చూతము.

తెనాలి నుండి రేపల్లెకు దాదాపు 35 కిలోమీటర్లు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును సముద్రమట్టమునకు ఇరువది మీటర్లలోపు ఎత్తుననే యున్నవి. కృష్ణ తెచ్చి పరచిన ఒండ్రుమట్టి నేల యిది. కాలువ వంతెనపై కెక్కునపుడు తప్ప ఎత్తు అనునది తెలియదు.

ఇట్టి నేలపై సైకిలును వెనుకకు లాగునవి ముఖ్యముగా రెండు. ఒకటి టైరు దొర్లునపుడు కలుగు ఘర్షణ. రెండవది గాలి. మొదటిది బరువునుబట్టి పెరుగును. రెండవదానికి బరువుతో నిమిత్తము లేదు. అది మనిషి ఎంత వెడల్పున గాలికి ఎదురుగా నిలుచునో దానినిబట్టియు, వేగము యొక్క వర్గమునుబట్టియు పెరుగును.

కుర్రవాని బరువు 63 కిలోలు, సైకిలు 12, మొత్తము 75 కిలోలు. సామాన్యమైన తారురోడ్డుపై దొర్లుడు ఘర్షణ బరువులో వెయ్యింటికి ఆరు వంతులనుకొందము. అది 4.4 న్యూటన్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగమున, కొంచెము ముందుకు వంగి కూర్చున్నవానికి గాలి నిరోధము సుమారు 11.2 న్యూటన్లు. రెండును కలిసి 15.6 న్యూటన్లు. సెకండుకు 6.94 మీటర్ల వేగముతో గుణించినచో 108 వాట్లు. అలవాటున్న యువకుడు గంటన్నర సేపు దీనిని నిలుపుకొనగలడు.

ఇప్పుడు 5 కిలోలు తగ్గింతము. గాలి నిరోధము మారదు. దొర్లుడు ఘర్షణ 0.3 న్యూటను తగ్గును. అనగా 30 గ్రాముల బరువంత లాగుడు, ఒక చిన్న నిమ్మకాయంత. అదే 108 వాట్లతో త్రొక్కినచో వేగము గంటకు 25 నుండి 25.2 కిలోమీటర్లకు పెరుగును. రేపల్లెకు 84 నిమిషములకు బదులు 83 నిమిషముల 20 సెకండ్లు పట్టును.

ఒక మినుము పంటకు ఫలము నలువది సెకండ్లు!

"మాటిమాటికి ఆగి బయలుదేరవలె గదా, అప్పుడు తేలిక చక్రము ఉపకరించును గదా" అని విద్యార్థి అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. తగ్గిన 5 కిలోలలో సుమారు ఒక కిలో అంచులయందలిది. దానిని రెండుగా లెక్కించినచో 6 కిలోలు. ఆగిన బండిని 25 కిలోమీటర్ల వేగమునకు తెచ్చునపుడు దీనివలన 145 జౌళ్ళు మిగులును. దారిలో ఇరువదిసార్లు ఆగినను 2900 జౌళ్ళు. రేపల్లె చేరుటకు చేయవలసిన మొత్తము పని సుమారు 5,46,000 జౌళ్ళు. నూటికి అరవంతు. గ్రాముకు రెండు గ్రాములనుట నిజమే గాని అది వేగము మారునప్పటి నిజము. ఒకే వేగమున సాగిపోవు దారికి దానిని అన్వయించుట అర్ధసత్యమగును.

గాలి మాటయేమి?

తీరప్రాంతమున పగటివేళ నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలపై గాలి తేలికయై పైకిపోగా సముద్రముపై గాలి లోపలికి వీచును. మధ్యాహ్నము తెనాలి నుండి బాపట్లకుగాని రేపల్లెకుగాని సైకిలుపై పోయినవారికి ఈ పాఠము పుస్తకమున చదువనక్కరలేదు. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో మన కుర్రవానిపై గాలి నిరోధము 11.2 నుండి 22 న్యూటన్ల వరకు పెరుగును. 5 కిలోలు తగ్గించినందువలన కలిగిన లాభమునకు ఇది ముప్పదియారు రెట్ల నష్టము. దీనికి మందు అంగడిలో లేదు. ఉదయమే బయలుదేరుట, మోచేతులు వంచి మరికొంచెము ముందుకు వంగుట, గాలికి ఉబ్బు వదులు చొక్కా వేసికొనకుండుట, ఇవియే మందులు. గాలికి ఎదురగు వెడల్పు పదవవంతు తగ్గినను 1.1 న్యూటన్లు మిగులును. ఐదు కిలోల లాభమునకు ఇది నాలుగు రెట్లు, అదియు ఖర్చు లేకుండ.

టైరులో గాలి చాలకున్నచో దొర్లుడు ఘర్షణ వెయ్యింటికి ఆరునుండి తొమ్మిదికి పోవచ్చును. అపుడు 2.2 న్యూటన్ల నష్టము, ఐదు కిలోల లాభమునకు ఏడు రెట్లు. వేలు ఖర్చుపెట్టి ఫ్రేము మార్చి, నెలకొకసారి మాత్రము పంపు పట్టుకొనువాడు ఎడమచేత సంపాదించి కుడిచేత పారబోయువాడు.

పందెముల చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1972 అక్టోబరులో బెల్జియము దేశస్థుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరమున ఒక గంటలో 49.431 కిలోమీటర్లు త్రొక్కి ప్రపంచములో అంతవరకు నున్న రికార్డును దాటినాడు. అతని సైకిలు ఆరు కిలోలకు లోపే. గొలుసుకు కూడ రంధ్రములు పొడిచి గ్రాములు తగ్గించిరి. 1984 జనవరిలో ఇటలీ దేశస్థుడు ఫ్రాంచెస్కో మోజర్ అదే నగరమున 51.151 కిలోమీటర్లు పోయినాడు. అతని సైకిలు మెర్క్స్ సైకిలుకంటె బరువైనది. చువ్వలకు బదులు పళ్ళెమువలె నిండుగా నున్న చక్రములు దానికుండెను. అవి బరువు పెంచినవి గాని గాలిని తక్కువగా చిలికినవి. ఇద్దరును మెక్సికోకే పోవుట ఎందుకు? ఆ నగరము రెండువేల మీటర్లకు మించిన ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. బరువుపై అంత శ్రద్ధ పెట్టిన మెర్క్స్ కూడ గాలిని మరువలేదు.

తేలికలోని ప్రమాదము

పట్టికలో లేని దింకొకటి కలదు. అది భద్రత. ఉక్కు నీటికంటె 7.8 రెట్లు, టైటానియము 4.5 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు బరువు. కాని వంగకుండ నిలుచు బిగువు ఉక్కుకు 200 అనినచో టైటానియమునకు 110, అల్యూమినియమునకు 70. బిగువును బరువుచే భాగించినచో మూడింటికిని ఇంచుమించు 25 వచ్చును. ఆ లెక్కన మూడును సమానమే. మరి అల్యూమినియపు బండి తేలిక ఎట్లయినది? గొట్టము లావుచేసి గోడ పలుచన చేయుటవలన. వ్యాసమును రెట్టింపుచేసి గోడ మందమును సగము చేసినచో బరువు మారదు గాని బిగువు నాలుగు రెట్లగును. ఇది వెదురు నేర్పిన పాఠము. కర్బన నారతో చేసినవి ఈ మూడింటికంటె మేలైనవే. కాని గట్టి దెబ్బ తగిలినపుడు పైకి కనబడకుండ లోపల పొరలు విడిపోవచ్చును.

పలుచని గోడకు హద్దు కలదు. లోహము ఒక్క పెద్ద బరువుకే కాక, చిన్న బరువు లక్షలసార్లు పడుటవలనను విరుగును. దీనిని లోహపు అలసట అందురు. ఒక పరిమితికి లోబడిన ఒత్తిడిని ఉక్కు ఎన్నిసార్లయినను ఓర్చుకొనగలదు. అల్యూమినియమునకు అట్టి పరిమితి లేదు. ఎంత చిన్న ఒత్తిడియైనను దాని ఆయుష్షులో కొంత తినుచుండును. చెమట, బాపట్ల సూర్యలంక వైపు ఉప్పుగాలి తోడైనచో ఆ ఆయుష్షు మరింత తగ్గును.

ఇది నేను పుస్తకము చూచి మాత్రమే వ్రాయుటలేదు. ఎమ్మెస్సీ చదువుచున్న కాలమున నా సైకిలు బ్రేకు మీటకు నేనే డ్రిల్లుతో ఆరు రంధ్రములు పొడిచితిని. పందెపు సైకిళ్ళ బొమ్మలు చూచి పుట్టిన ముచ్చట అది. తగ్గినది పది గ్రాములకు మించదు. రెండు నెలల తరువాత కాలువగట్టుపై, ఎదురుగా గేదె వచ్చినవేళ, ఆ మీట మూడవ రంధ్రముకడ విరిగినది. గడ్డము క్రింద కుట్లగుర్తు ఇప్పటికిని ఉన్నది. తప్పు లోహముది కాదు, అంగడివానిది కాదు, నాది. రంధ్రపు అంచుకడ ఒత్తిడి కూడుకొనునని ఆ సంవత్సరమే పరీక్షలో వ్రాసియుంటిని కూడ!

అంతర్జాతీయ సైకిలు సంఘము 2000 సంవత్సరము నుండి రోడ్డు పందెములందలి సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమము పెట్టినది. పందెగాడు గ్రాములకై పడు ఆశకు ఎచ్చటనో ఒకచోట కట్ట వేయవలసివచ్చినది.

కొండదారి మాట

పథకమునకు అన్యాయము చేయరాదు. ఇదే బండిని దాదాపు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులోయకు ఎక్కింపవలెననిన లెక్క మారిపోవును. 75 కిలోలను అంత ఎత్తునకు మోయుటకు 6,61,500 జౌళ్ళు కావలెను. 5 కిలోలు తగ్గినచో అందు 44,100 జౌళ్ళు, అనగా పదునైదవవంతు మిగులును. మెల్లగా ఎక్కునపుడు గాలి నిరోధము స్వల్పము గనుక ఈ లాభము కాలములోను కనబడును. గంట పట్టు ఎక్కుడులో మూడు నాలుగు నిమిషములు. తేలిక సైకిలు కొండవాని వస్తువు. దానిని డెల్టాలో కొనుట పల్లపు పొలమునకు ఏతము తెచ్చుకొనుటవంటిది. వస్తువు మంచిదే, చోటు కాదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ లెక్కను తరగతిలో చేసి చూపవచ్చును. చదునైన రోడ్డుపై గాలిలేని ఉదయమున ఒక విద్యార్థిని సైకిలుపై కూర్చుండబెట్టి, ముందు త్రాడు కట్టి, స్ప్రింగు త్రాసుతో మెల్లగా, ఒకే వేగమున లాగవలెను. త్రాసు చూపునదియే దొర్లుడు ఘర్షణ. సుమారు 450 గ్రాముల బరువంత వచ్చును. రెండువైపులకు లాగి సగటు తీసినచో వాలు ప్రభావము పోవును. తరువాత టైరులో గాలి సగము తీసి, మరల నింపి, సంచిలో 5 కిలోల ఇటుకలు పెట్టి, తీసి చూడవలెను. ఏది ముల్లును ఎక్కువ కదల్చునో పిల్లలే చెప్పుదురు.

మా విద్యార్థి ప్రయోగశాల త్రాసు నడిగి తీసికొని ఇద్దరు స్నేహితులతో కాలువ ప్రక్క రోడ్డున ఈ ప్రయోగము చేసినాడు. ఐదు కిలోల ఇటుకలకు ముల్లు కదలినదో లేదో వారిలో వారికే తగవు వచ్చినదట. మరునాడు వచ్చి పట్టికలో టైర్లు, ట్యూబులున్న పుటను మాత్రము తీసికొని పోయినాడు. "మంచి పంపు కూడా కొంటాను మాస్టారూ" అన్నాడు. మిగిలిన మూడు పుటలు నా బల్లపైననే యున్నవి. అరకు పోవునాటికి అడుగునేమో యని దాచియుంచితిని.